ఓడరేవులో చలికాలపు వేట

చీరాల అనగానే చాలామందికి చీరలు గుర్తొస్తాయి. రావాలి కూడా! జాండ్రపేట మగ్గాల మీద నేసిన చీర ఒక్కటైనా లేని బీరువా మన వైపు అరుదే. పెళ్ళిళ్ళ రోజులొస్తే బట్టల కోసం జనం ఇప్పటికీ రైలు దిగుతూనే ఉంటారు. ఇంకొందరికి చీరాల-పేరాల పోరాటం గుర్తొస్తుంది. పెంచిన మునిసిపాలిటీ పన్నులు కట్టం పొమ్మని, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద జనం ఇళ్ళు ఖాళీ చేసి, ఊరి బయట పాకలు వేసుకుని నెలల తరబడి గడిపారు. అంత పట్టుదల గల ఊరు మాది. (మా ఇంట్లో మగవాళ్ళని చూసినప్పుడల్లా నాకదే గుర్తొస్తుంది, అది వేరే సంగతనుకోండి.)

ఆ ఊరికి ఆరేడు కిలోమీటర్లలోనే సముద్రం ఉంది. ఆ ఒడ్డున ఓడరేవు ఉంది. ఆదివారం సాయంత్రాలు కార్లలో వచ్చి, పిల్లల్ని కాసేపు ఇసుకలో ఆడించి, వేయించిన చేపముక్క తిని వెళ్ళిపోయేవాళ్ళకి కొదవ లేదు. కానీ అసలు ఓడరేవుని చూడాలంటే అది వేళ కాదు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లారకుండా లేచి, చెవులకి మఫ్లరు కట్టుకుని వెళ్ళాలి. అప్పుడు కనిపిస్తుంది వేట.

వేట అంటే తుపాకి పట్టుకుని అడవికి పోవడం కాదండోయ్. మా సముద్రం పక్క ఊళ్ళలో చేపలు పట్టడాన్నే వేట అంటారు. “ఇవ్వాళ వేటకి పోయారా?” “వేట ఎట్టా ఉంది?” అని అడుగుతారు.

చీరాలలోనే ఇన్నేళ్ళుగా ఉంటూ కూడా నేను తెల్లవారుజామున ఓడరేవు వెళ్ళింది ఎప్పుడో రెండు మూడుసార్లు. 2025 జనవరి మొదటివారంలో మళ్ళీ వెళ్ళడానికి కారణం మా అక్క అల్లుడుగారు. ఆయన అమెరికాలో డెన్వర్‌లో ఉంటారు. కంప్యూటర్ల ఉద్యోగం. సెలవు దొరికితే చాలు, నదిలో నడుముల్లోతు నీళ్ళలో నిలబడి ట్రౌట్ అనే చేపని పడతారు. అదీ చలికాలంలో, చుట్టూ మంచు కురుస్తూ ఉండగా!

“నీళ్ళు గడ్డకట్టవా అల్లుడుగారూ?” అని అడిగాను.

“పెద్ద ఆనకట్ట కింద గడ్డకట్టవు అత్తయ్యగారూ. జలాశయం అడుగునుంచి వదిలే నీళ్ళు, పైన గాలికన్నా కాస్త వెచ్చగా ఉంటాయి. మా సౌత్ ప్లాట్ నదిలో అలాంటి చోట్లు ఉన్నాయి. చలికాలం పొడుగునా పట్టుకోవచ్చు” అన్నారు.

ఆయన చెప్పిన పద్ధతి వింటే మన కుట్టుపని గుర్తొచ్చింది. మనవాళ్ళ గాలానికి వానపామో, రొయ్యో గుచ్చుతారు కదా. వీళ్ళు ఏ ఎరా పెట్టరు. చిన్న కొక్కేనికి దారం చుట్టి, కోడి ఈకలు, బాతు ఈకలు, ఏదో ఒక జంతువు బొచ్చు కట్టి, అచ్చం పురుగులా తయారుచేస్తారు. చేప దాన్ని నిజం పురుగనుకుని నోట కరుచుకోవాలి. చలికాలంలో నీళ్ళలో పెద్ద పురుగులుండవు గనక ఈ కట్టుడు పురుగులు కూడా చిన్నవే కట్టాలట. డబ్బా తెరిచి చూపించారు. ఒక్కొక్కటి బియ్యపుగింజంత కూడా లేదు! భూతద్దం పెట్టుకుని సాయంత్రాలు కూర్చుని తనే కడతారట. “ఆ ఓపికలో సగం మా అమ్మాయి కూరలు తరిగేటప్పుడు చూపిస్తే బాగుణ్ణు” అంది మా అక్క కూతురు. అంటే, ఆయన గురించే అంది.

చలికి ట్రౌట్ బద్ధకంగా ఉంటుందట. లోతు నీళ్ళలో, వాలు తక్కువున్నచోట కదలకుండా పడుకుని, నోటి ముందుకొచ్చిందే తింటుంది. అందుకని అక్కడ తెల్లారి లేచే పనే లేదు. పది దాటి, కాస్త ఎండ పొడిచాక వెళ్ళినా చాలు. చేపని ముట్టుకునే ముందు చెయ్యి తడుపుకోవాలి. పొడిచెయ్యి తగిలితే దాని ఒంటిమీది జిగురు పోయి రోగాలొస్తాయి. కొక్కేనికి ముల్లు కూడా ఉండదు, తేలిగ్గా ఊడిరావాలని.

“ఊడిరావడం ఎందుకు?” అన్నారు మా అత్తగారు.

“వదిలెయ్యడానికి, అమ్మమ్మగారూ.”

“పట్టిన చేపనా?”

“అవును. పట్టి, చూసి, వదిలేస్తాం.”

మా అత్తగారికి ఎనభై రెండేళ్ళు. ఇంత వయసులో ఇలాంటి మాట ఆవిడ విని ఉండరు. ధనుర్మాసమని నీసు ముట్టడం లేదు గానీ, చేప సంగతి వస్తే చెవులు రిక్కిస్తారు. “చలిలో నిలబడి, లైసెన్సుకి డబ్బు కట్టి, ఈకలు కుట్టి, చేపని పట్టి, వదిలేస్తావా నాయనా!” అని బుగ్గన వేలేసుకున్నారు.

అన్నట్టు, ఈ ట్రౌట్ మన దేశానికి కొత్తేమీ కాదు. ఇంగ్లీషువాళ్ళు తమ సరదా కోసం 1900 ప్రాంతంలో స్కాట్లండు నుంచి గుడ్లు తెప్పించి కాశ్మీరు ఏళ్ళలో పెంచారు. తర్వాత ఊటీ దగ్గర అవలాంచిలో, కేరళలో మున్నారు కొండల్లో వదిలారు. ఇప్పటికీ ఉన్నాయి. కానీ దానికి చల్లటి, పారే నీళ్ళు కావాలి. నీళ్ళు వేడెక్కితే ఊపిరాడదు. మన గుంటూరు, ఒంగోలు ఎండలకి మనమే తట్టుకోలేం, అదేం తట్టుకుంటుంది? “ట్రౌట్ లేకపోతే పోనీ, మీ ఊళ్ళో చలికాలంలో చేపలెలా పడతారో చూపించండి అత్తయ్యగారూ” అన్నారు. సరే, బయల్దేరాం. ఆయన గాలంకర్రని గుడ్డసంచిలో వేసుకుని మరీ వచ్చారు.

అయిదున్నరకి ఆటో మాట్లాడుకున్నాం. ఫ్లాస్కులో టీ పోసుకున్నాను. ఊరు దాటితే రోడ్డుకి అటూ ఇటూ ఇసుకనేల. సరుగుడు తోటలు, తాటిచెట్లు, మధ్యమధ్య వేరుశనగ చేలు. మంచు కమ్ముకుని ముందు పోయే సైకిలు కూడా కనపడలేదు. ఉప్పుగాలి మొహానికి తగిలాక గానీ సముద్రం దగ్గరకొచ్చామని తెలియలేదు.

చలికాలపు సముద్రం వేరు. వానాకాలంలోలా రొద చెయ్యదు. ఉత్తరపు గాలి సన్నగా కోస్తుంటే అలలు చిన్నచిన్నగా మడతలు పడుతూ వస్తాయి. ఒడ్డున ఫైబరు పడవలు బారులు తీరి ఉన్నాయి. వెనకటి కర్రతెప్పలు ఇప్పుడు తక్కువ. పడవలన్నిటికీ కళ్ళకి కొట్టే రంగులు, ముక్కు మీద దేవుడి బొమ్మో, పిల్లల పేర్లో. రాత్రి పోయినవాళ్ళు కొందరు అప్పటికే తిరిగొచ్చి వలలు దులుపుకుంటున్నారు. మేం వెళ్ళింది మాత్రం అలివి వల చూడ్డానికి. పెద్దవల అని కూడా అంటారు.

ఇది ఎలా ఉంటుందంటే... ఒక పొడవాటి తాడు కొస ఒడ్డున కొంతమంది పట్టుకుంటారు. పడవ ఆ తాడు వదులుకుంటూ సముద్రంలోకి వెళ్ళి, వల దింపుకుంటూ, పెద్ద అర్ధచంద్రంలా తిరిగి, రెండో తాడు కొసతో కొంత దూరంలో మళ్ళీ ఒడ్డుకొస్తుంది. అక్కడ ఇంకో జట్టు ఉంటుంది. రెండు జట్లూ రెండు తాళ్ళు లాగుతూ, అడుగు అడుగు ఒకరి వైపొకరు జరుగుతారు. వల మధ్యలో సంచి ఉంటుంది. రెక్కల మధ్య చిక్కుకున్న చేపంతా చివరికి అందులో పడాలి. పైన తేలడానికి బెండ్లు, అడుగున మునగడానికి బరువులు. లాగేవాళ్ళు చిన్నతాడొకటి నడుముకి కట్టుకుని, దాన్ని పెద్దతాడుకి మెలేసి, వెనక్కి వాలి నడుస్తారు. పైదాకా రాగానే మెలి విప్పుకుని మళ్ళీ నీళ్ళ అంచుకి పరిగెత్తుతారు. జట్టుకి పదిహేనుమంది పైనే ఉన్నారు. రెండు మూడు గంటల పని. మన పెళ్ళిపందిట్లో వడ్డనలాగా, ఒకడు ఆగితే వెనకవాడూ ఆగాల్సిందే!

మా అల్లుడుగారు పావుగంట చూశారు. ఆ తర్వాత బూట్లు విప్పేసి, ప్యాంటు మడిచి, తాడు పట్టుకున్నారు. “బాబూ, అరచేతులు పొక్కుతయ్” అన్నారు వాళ్ళు. ఆయన వినలేదు. మా అక్క కూతురు ఫొటోలు తీస్తూ తీస్తూ, చివరికి ఫోను లోపల పెట్టేసి ఊరికే చూస్తూ నిలబడింది.

నేను ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. అప్పటికే ఓ ఇరవైమంది గంపలు, ప్లాస్టిక్ టబ్బులు పక్కన పెట్టుకుని ఇసుకలో కూర్చుని ఉన్నారు. వల ఒడ్డుకొచ్చిందాకా వాళ్ళకి పని లేదు, వచ్చాక క్షణం తీరిక ఉండదు. వాళ్ళలో ఒకావిడ నాకు ముందే తెలుసు. మా వీధికి వారానికి రెండుసార్లు వస్తుంది. వయసు యాభై దాటి ఉంటుంది. పేరు రాయొద్దంది గనక రాయడం లేదు. మా గుమ్మంలో కూర్చుని బేరమాడే మనిషి ఇక్కడ వేరేగా కనిపించింది. నడుముకి చీర బిగించి, సముద్రం వైపు చూస్తూ, ఎక్కడ పక్షులు వాలుతున్నాయో చూసి, “ఇయ్యాల నెత్తళ్ళు పడతయ్” అంది.

“ఎలా తెలుసు?”

“కొంగలు చూడు. ఊరికే తిరుగుతయ్యా?”

టీ పోసిచ్చాను. మాట్లాడుతూ ఉంది. కార్తీకమాసంలో సగానికి సగం ఇళ్ళు నీసు మానేస్తాయి, అప్పుడు బేరం ఉండదు. ధనుర్మాసంలో కొంత నయం. సంక్రాంతి కనుమకి మాత్రం ఎంత ఉన్నా చాలదు. ఈ చలి రెండు నెలలే నాలుగు డబ్బులు చూసేది. అందులోనూ వాయుగుండం పట్టిందంటే పడవలు కదలవు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ వారమంతా గంప బోర్లించి కూర్చున్నామంది. 2004 డిసెంబరు 26 సునామీ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఆ పొద్దున కూడా ఇలాంటి చలికాలపు ప్రశాంతమైన ఆదివారమే.

సముద్రం తెచ్చేదాంట్లో ఎవరి వాటా ఎంత అన్నది ఈ తీరంలో చాలా పాత ప్రశ్న. దగ్గరలోని మోటుపల్లి ఒకప్పుడు పెద్ద రేవు. తుపానుకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే అందులోని సరుకంతా వెనకటి రాజులు లాగేసుకునేవారు. అలా చెయ్యం, సుంకం మాత్రమే తీసుకుంటాం అని వర్తకులకి అభయమిస్తూ 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ శాసనం వేయించాడు. ఆ శాసనం వెయ్యిమంది చదువుకున్నవాళ్ళకి తెలుసేమో. ఓడరేవులో వాటాలు మాత్రం ఏ రాతా లేకుండానే నడుస్తాయి. వలవాళ్ళకి ఇంత, పడవకి ఇంత, లాగినవాళ్ళకి ఇంత. గంపవాళ్ళకి వాటా లేదు. వాళ్ళు పాటలో కొనుక్కోవాల్సిందే.

ఎనిమిదింపావుకి వల సంచి నీళ్ళ అంచుకొచ్చింది. అప్పటిదాకా నెమ్మదిగా ఉన్న ఒడ్డు ఒక్కసారి గోలగోలగా మారిపోయింది. పిల్లలు, కుక్కలు, గద్దలు అన్నీ అక్కడే. సంచి విప్పబోతుంటే ఏదో బరువుగా కదిలింది. చూస్తే తాబేలు! గంపంత ఉంది. చలికాలంలో గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకొచ్చే రకం. ఎవరూ అరవలేదు. ఇద్దరు కుర్రాళ్ళు వల తప్పించి, దాన్ని ఎత్తి, మోకాల్లోతు నీళ్ళలోకి తీసుకెళ్ళి వదిలారు. ఒక పెద్దాయన అటు తిరిగి దణ్ణం పెట్టాడు. దాన్ని పట్టడం చట్టరీత్యా నేరం కూడాననుకోండి, కానీ ఆ దణ్ణం చట్టం కోసం పెట్టింది కాదు. మా అల్లుడుగారు చెమటలు తుడుచుకుంటూ, “చూశారా అత్తయ్యగారూ, వీళ్ళూ వదులుతారు” అన్నారు.

సంచిలో ఆవిడ చెప్పినట్టే నెత్తళ్ళు ఎక్కువ. వెండిరజనులా తళతళలాడుతున్నాయి. కవళ్ళు, నాలుగైదు గంపల కానాగంతలు, బెల్టుల్లాంటి సావడాలు, కొద్దిగా గొరకలు, పీతలు, గుప్పెడు రొయ్యలు. వంజరం గానీ, చందువ గానీ ఒక్కటీ లేదు. అవి లోతు నీళ్ళవి. పక్కనే ఇంకో కుప్ప. అందులో అన్నీ చిటికెనవేలంత పిల్లలు. ఏ జాతివో నాకు తెలియలేదు. మా అల్లుడుగారు ఆ కుప్ప దగ్గర కూర్చుండిపోయారు. “ఇవి పెరిగితే ఏ చేపలు?” అని అడిగారు.

“గొరకలుండయ్, సావడాలుండయ్... అన్నీ పిల్లలే బాబూ” అంది మా ఆవిడ. (మా ఆవిడ అంటే గంప ఆవిడే లెండి.)

“మరి వదిలెయ్యొచ్చుగా?”

“ఇంకేం వదులుతాం, చచ్చిపొయ్యినయ్. ఎండబెట్టి కోళ్ళమేతకి ఇవ్వడమే. ఏడాది ఆగితే ఇదే చేప కిలో రెండొందలు. మాకు తెలీదా? కానీ నేను ఆగితే పక్కూరి వల ఆగుద్దా?”

వల కన్ను ఎంతుండాలన్నదే ఈ మాటలో ఉన్న చిక్కు. కన్ను చిన్నదైతే పిల్లలు కూడా పడతాయి. కన్ను పెద్దదైతే నెత్తళ్ళు జారిపోతాయి, ఆ నెత్తళ్ళే చలికాలపు కూడు. 2020 డిసెంబరులో వలల విషయం మీదే ఓడరేవువాళ్ళకీ, పక్కనున్న కఠారివారిపాలెం వాళ్ళకీ గొడవ ముదిరి పేపర్లకెక్కింది. ఇంట్లో కూర్చుని ఎవరిది తప్పో తేల్చడం తేలికే. ఆ కుప్ప ముందు నిలబడ్డాక నాకు మాత్రం నోరు పెగల్లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, చేపలు గుడ్లుపెట్టే కాలమని, మన తూర్పు తీరంలో ఇంజను పడవల వేట ఆపుతారు. అన్ని రోజులు పనిలేక కూర్చునేవాళ్ళకి ప్రభుత్వం భృతి ఇస్తుంది. మేం వెళ్ళిన తర్వాత, 2025 ఏప్రిల్లో, దాన్ని 20 వేల రూపాయలకి పెంచారు. “అది పడవెక్కే మగోళ్ళకి. గంపెత్తే మాకు లేదు” అంది ఆవిడ. కోపంగా కాదు, ఇవ్వాళ చలిగా ఉంది అన్నట్టు అంది.

పాట మొదలైంది. కుప్పకో పాట. తూకం లేదు, కంటితో చూసి ధర చెప్పాలి. ఆ కుప్పలో కిందెంత మంచి సరుకుందో, ఎంత ఇసుకుందో, పది ఇళ్ళు తిరిగితే ఎంత వస్తుందో, ఆటోకి ఎంత పోతుందో, అంతా అర నిమిషంలో లెక్క కట్టాలి. ఆవిడ రెండు కుప్పలు పాడింది. నెత్తళ్ళు తొమ్మిదొందలు, కలగలుపుది పదహారొందలు. పైట కొంగున మూట విప్పి లెక్కపెట్టింది. ఆ డబ్బులో వెయ్యి ఆ పొద్దునే అప్పు తెచ్చింది, చీకటిపడేలోగా వడ్డీతో కట్టాలట. మిగలకపోతే? “రేపటి వేటలో చూసుకోవాల” అంది.

ఇంతలో మగవాళ్ళ దగ్గర నవ్వులు వినిపించాయి. వెళ్ళి చూస్తే, లాగినవాళ్ళందరికీ కూరకని తలా కొన్ని చేపలు పంచుతున్నారు. మా అల్లుడుగారి ముందు కూడా ఆరు కానాగంతలు, దోసెడు నెత్తళ్ళు పెట్టారు. ఆయన వద్దంటున్నారు. “అట్టా కాదు బాబూ, తాడు పట్టినోడికి వాటా ఉంది. తీసుకోకపోతే మాకు మంచిది కాదు” అన్నాడు దణ్ణం పెట్టిన పెద్దాయన. ఆయన ఏమనుకున్నారో, సముద్రంలో చెయ్యి తడుపుకుని వచ్చి ఒక్కొక్క చేపనీ తీసి సంచిలో వేసుకున్నారు. “చచ్చిన చేపకి చెయ్యి తడుపుకోవడమెందుకయ్యా!” అని ఒకటే నవ్వులు. అలవాటు అన్నారాయన.

ఆ తర్వాత గాలంకర్ర బయటికి వచ్చింది. ఈక కట్టిన కొక్కేన్ని పెద్దాయన అరచేతిలో పెట్టుకుని, ఎండకి పట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు. “పనితనం బాగుంది. ఎవరు కట్టారు?” అన్నాడు. తనే అని చెబితే ఆయన మొహంలో మొదటిసారి గౌరవం కనిపించింది. వల అల్లేవాడికి ముడి విలువ తెలుస్తుంది కదా. మా అల్లుడుగారు అలల్లోకి దిగి, గాలిలో దారాన్ని కొరడాలా ఆడిస్తూ అరగంట విసిరారు. చూడ్డానికి భలే అందంగా ఉంది. పిల్లలంతా ఒడ్డున వరసకట్టి కూర్చున్నారు. ఆఖరికి అరచెయ్యంత గొరక ఒకటి పడింది. ఆయన తడిచేత్తో విప్పి వదిలేశారు. ఒక బుడతడు “అయ్యో, పోయింది! పోయింది!” అంటూ నీళ్ళలోకి దూకాడు. ఆయనే వదిలాడని చెప్పినా వాడు నమ్మలేదు.

నీళ్ళలోకి దూకడమంటే గుర్తొచ్చింది. ఈ కథ చదివి మీరు పిల్లల్ని తీసుకుని వెళితే ఒక్క మాట. చలికాలంలో నెమ్మదిగా కనిపిస్తుంది గానీ, ఓడరేవైనా, పక్కనున్న రామాపురమైనా, సముద్రం లోపలికి లాగే చోట్లున్నాయి. సరదాగా దిగి తిరిగిరానివాళ్ళ వార్తలు మేం తరచూ వింటూ ఉంటాం. చీలమండ తడిస్తే చాలు, నడుము దాకా వద్దు. విజయవాడ నుంచి చీరాలకి రైల్లో దాదాపు తొంభై కిలోమీటర్లు. ముందురోజు సాయంత్రానికే వచ్చి ఊళ్ళో పడుకుంటే గానీ తెల్లవారుజాము వేట అందదు. వీలుంటే వేటపాలెం జీడిపప్పు కొనుక్కోవచ్చు. 1918లో మొదలైన అక్కడి సారస్వత నికేతనం గ్రంథాలయం కూడా చూసి వెళ్ళండి. మా ఆడవాళ్ళకి అంత తీరికెక్కడిది అంటారా, నిజమే.

చేపలు కొనేటప్పుడు సంగతులు మీకు తెలియనివి కావు. చెవులెత్తి చూస్తే లోపల ఎర్రగా ఉండాలి. కన్ను ఉబ్బి మెరవాలి, గుంటపడితే పాతది. వేలితో నొక్కితే గుంట మళ్ళీ పూడాలి. నెత్తళ్ళకైతే పొట్ట పగిలి ఉండకూడదు. ఇంటికొచ్చాక తలలు గిల్లి, రాళ్ళ ఉప్పు, పసుపు వేసి నాలుగు నీళ్ళలో కడిగి, కాస్త కారం, అల్లంవెల్లుల్లి, బియ్యప్పిండి పట్టించి పెనం మీద వేయించాను. కానాగంతల్ని పులుసు పెట్టాను. చింతపండు కాస్త ముందుండాలి, మన గుంటూరు కారం దాని వెనకే ఉండాలి. ఉల్లిపాయ ముద్ద వేగాక పులుసు పోసి, తెర్లాక ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నెనే తిప్పాలి. దించేముందు మెంతిపొడి చిటికెడు. మట్టిదాకలో అయితే మర్నాటికి ఇంకా బాగుంటుంది. పట్టిన చేపని తినక చాలా ఏళ్ళయిందంటూ మా అల్లుడుగారు మూడుసార్లు వడ్డించుకున్నారు. మా అత్తగారు అరటికాయ వేపుడుతో తింటూ, ఒక కన్ను ఆ దాక మీదే ఉంచారు.

అంతకుముందే, పదిన్నరకి, వీధిలో కేక వినిపించింది. ఆవిడే! ఓడరేవు నుంచి ఆటోలో వచ్చి, అప్పటికి మూడు వీధులు తిరిగింది. నెత్తళ్ళు సగం అయిపోయాయి. కలగలుపు కుప్ప ఇంకా చాలానే ఉంది. మా అక్క కూతురు గబగబా బయటికి వెళ్ళి, ధర అడిగి, మారు మాట్లాడకుండా డబ్బు తీసిచ్చింది. పొద్దున కొంగుముడి విప్పడం చూసింది కదా పాపం.

ఆవిడ డబ్బు తీసుకోలేదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, “అట్టా చెయ్యమాక తల్లీ. బేరమాడు. నువ్వు అడిగినంతా ఇస్తే, పక్కింటోళ్ళు నేను ఎక్కువ చెప్పాననుకుంటారు. ఈ వీధిలో ఇంకెవురూ కొనరు” అంది.

ఇక చేసేదేముంది! మా అమ్మాయి గుమ్మంలో చతికిలబడి, పక్కింటివాళ్ళకి వినబడేలా, “మరీ ఇంత చెబుతావేంటమ్మా, నలభై తగ్గించు” అని మొదలుపెట్టింది.